ముందే వచ్చిన ఫోటోలు

ఈ రోజుల్లో ఏ పార్కైనా అంతే, టికెట్లు కొనగానే మన మొహాలతో ఏఐ తయారుచేసిన ఫోటోలు, వెళ్ళకముందే పంపేస్తుంది. నూరేళ్ళనాటి రంగులరాట్నం మీద హారిక ఇంట్లోని నలుగురూ విరగబడి నవ్వుతున్నారు. అందరి సెలవులూ కుదర్చడానికి నెల్లాళ్ళు తల బద్దలుకొట్టుకున్న హారికకు ఒళ్ళు మండింది.

"వీడియో కూడా చూసేశాం మమ్మీ, ఇంకో పార్కు బుక్ చెయ్యవా?" అంది కూతురు.

"మా అక్క అప్పుడే లైక్ కొట్టేసింది. ఇంక ఎండలో పడి వెళ్ళడం దేనికి?" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండా.

హారిక వంటింట్లోంచి పులిహోర డబ్బా తెచ్చి బల్లమీద ఠంగుమని పెట్టింది.

"చిన్నప్పుడు నన్ను ఆ రాట్నం ఎక్కించి, దిగాక మా అమ్మ విప్పింది ఈ డబ్బానే. ఇది ఆ ఫోటోల్లో ఎక్కడుందో చూపించండి, మానేద్దాం!"

భర్త ఒక్కో ఫోటోనీ పెద్దది చేసి వెతికాడు. చివరికి లేచి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.