ఎరువు కోక

రొయ్యల ఫ్యాక్టరీ గేటు కార్డు అడగదు, మొహం చూడదు, ఒంటివాసన పీలుస్తుంది. వయసు మళ్లిన చర్మంలో ఏదో ఆల్డిహైడు ఊరుతుందట. అది తగిలితే చాలు, విశ్రాంతి బండి వచ్చి ఎక్కించుకుపోతుంది. ఎక్కినవాళ్లెవరూ ఇంతవరకు తిరిగి రాలేదు.

"నాను విడిచిన కోక ఎరువుగా కట్టుకెళ్లు అత్తా. గేటు నా ఈడే అనుకుంటాది," అంది కోడలు నీలమ్మ.

గవరమ్మ ఆ కోక కట్టుకుని వెళ్లింది. గేటు తెరుచుకుంది.

పొద్దుటి షిఫ్టు ముగించి నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. నీలమ్మ అప్పటికే మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ ఇచ్చిన కోకలు ఇద్దరికీ కలిపి రెండే. కుంకుడు రసంతో ఉతికి దండెం మీద ఆరేసిన తన కోక అక్కడ లేదు.

ఆ వాసన ఉతికితే పోయేదైతే తనకు ఈ ఎరువు కోక ఎందుకు?

వీధి మలుపులో విశ్రాంతి బండి ఫ్యాక్టరీ వైపు తిరిగింది.