అద్దంలో పడ్డ మనిషి

దర్శకుడు "కట్" అనకముందే హీరోయిన్ అరిచింది.

"ముందు ఆ ముసలాయన్ని అక్కణ్ణుంచి తీసెయ్యండి సార్! నన్ను వెక్కిరిస్తున్నాడు."

సెట్లో అందరి తలలూ కెమెరా పక్కకి తిరిగాయి.

అక్కడ వెలిసిపోయిన చొక్కాతో లుక్కు తాత నిలబడి ఉన్నాడు. హీరోగారు తన షాట్లు అవగానే ఇంటికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత హీరోయిన్ క్లోజప్ తీసేటప్పుడు, ఆమె చూపు నిలపడానికి ఎవరో ఒకరు ఆ చోట నిలబడి హీరో మాటలు అప్పజెప్పాలి. తాత పని అదే, 'లుక్కు' అన్న పేరూ అలా వచ్చిందే.

"నేను ఏడవబోతే తనూ ఏడుపు మొహం పెడతాడు. నా పెదవి వణికితే తనూ వణికిస్తాడు. నెల్రోజులుగా పళ్ళబిగువున భరిస్తున్నాను!"

పాపం, ఆమె భయం ఆమెది. మొదటి రెండు సినిమాలూ బోల్తా కొట్టాయి. అందముంది గానీ మొహంలో భావం పలకదని పత్రికలు తేల్చేశాయి. ఇదీ పోతే ఇక ఇంట్లో కూర్చోవడమే.

తాత నొచ్చుకోలేదు.

"తప్పయిపోయిందమ్మా. ఈ మొహం నా మాట వినదు," అని నవ్వి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన్ని పిలిపించిన కెమెరామన్ ఏదో చెప్పబోయి, కొత్త దర్శకుడి చిరాకు చూసి నోరు మూసుకున్నాడు.

తాత నిలబడే చోట ఒక స్టాండు పెట్టి, దానికి ఎర్ర టేపు అంటించారు.

"దీన్నే చూడండి మేడమ్," అన్నారు.

చూసింది. పదహారు టేకులు చూసింది. గ్లిజరిన్ పుణ్యమా అని కన్నీళ్ళు కారాయి గానీ ఏడుపు మాత్రం రాలేదు.

నెల తర్వాత ఎడిటింగ్ గదికి వెళ్ళింది. గోడమీద అలనాటి ముగ్గురు హీరోయిన్ల ఫోటోలున్నాయి. చిన్నప్పుడు వాళ్ళ కళ్ళు చూసే ఆమెకి నటన పిచ్చి పట్టింది.

"వీళ్ళలా ఎప్పటికి చేస్తానో అంకుల్!"

"చేశావుగా! మొదట్లో తీసిన ఈ వీడ్కోలు సీనే సినిమాకి ప్రాణం," అన్నాడు ముసలి ఎడిటర్. "ఒకటే చిక్కు. నీ వెనకాల బీరువా అద్దంలో మనిషి పడ్డాడు. చెరిపెయ్యాలి."

ఆమె వంగి చూసింది. అద్దంలో లుక్కు తాత.

"కొంచెం మెల్లగా నడపండి."

ముందు అద్దంలో పెదవి వణికింది. రెప్పపాటు తర్వాత ఆమె పెదవి వణికింది.

ముందు అద్దంలో కళ్ళు నిండాయి. ఆ తర్వాతే ఆమె కళ్ళు.

మళ్ళీ వేయించుకుని చూసింది. మళ్ళీ అంతే. సిగ్గుతో ఆమెకి తలెత్తబుద్ధి కాలేదు.

"ఆయన్ని పిలిపించండి అంకుల్. ఆ పదహారు టేకుల సీను మళ్ళీ చేస్తాను. కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను."

ఎడిటర్ కళ్ళజోడు తీశాడు.

"ఇంకెక్కడి తాత అమ్మా! పోయి పదిరోజులైంది."

ఆమె ఏడుపు ఆపుకోలేక గోడమీది ఫోటోల వైపు తిరిగింది.

ఎడిటర్ కూడా అటే చూస్తూ అన్నాడు: "వాళ్ళు ముగ్గురూ సినిమా ఒప్పుకునే ముందు హీరో ఎవరని అడిగేవాళ్ళు కాదమ్మా, కెమెరా పక్కన తాత ఉంటాడా అని అడిగేవాళ్ళు."