రెప్పల మీది ప్రసాదం

“ప్రసాదం కళ్ళకద్దుకున్నాక తుడుచుకోరాదూ?” కామాక్షి పైటచెంగుతో భర్త రెప్పలు తోమింది. పసుపు మచ్చలు కదల్లేదు.

“అది ప్రసాదం కాదు పిన్నీ, కొలెస్ట్రాల్,” అన్నాడు సోమయాజులు అన్నకొడుకు డాక్టర్ శశిధర్. “రెప్పల మీదికొచ్చిందంటే గుండెకీ రిస్కే. రేపే బ్లడ్ టెస్ట్ చేయించుకో బాబాయ్. నెయ్యి మానెయ్.”

పందొమ్మిది వందల ఎనభై ఒకటిలో అమెరికాలోని పిస్కాటవే ఊరికి పూజారి ఎక్కడ దొరుకుతాడు? వారం వారం ఇంటింటా సత్యనారాయణ వ్రతం చేయించేది కెమికల్ ఇంజనీరైన సోమయాజులే. ప్రతి ఇంటా నెయ్యి ఓడే ప్రసాదమే.

చేతిలోని ప్రసాదం పేపర్ కప్పుకేసి దిగులుగా చూశాడు. “వ్రతకథలో ప్రసాదం వద్దన్న రాజుకి సర్వం పోయిందిరా! ఆ కథ చెప్పే నేనే వద్దంటే ఎలా?”

“వద్దనకండి,” కామాక్షి చెయ్యి చాపింది. “కళ్ళకద్దుకుని నాకివ్వండి.”