ఎర్రమట్టి

"కమిటీ చూసి వెళ్లేదాకా ఎవరూ గోడలు అలకొద్దు" అని పాస్టర్ ఫల్గుణ ఆదివారం ప్రార్థనలో మరీ మరీ చెప్పాడు. కొండ ఊళ్లకు పక్కా ఇళ్లిచ్చే చట్టం కావాలని చర్చి సంఘం ఏళ్ల తరబడి తిరిగితే, ఇన్నాళ్లకు శాసనసభ కమిటీ కదిలింది. ఇళ్లు ఉన్నవి ఉన్నట్టే కనబడాలి.

శుక్రవారం పొద్దున్నే ఫల్గుణ పాచిపెంట నుంచి కమిటీ జీపులో వచ్చాడు. వీధిలో మనుషుల్లేరు. మొదటి ఇంటి ముందు ముసలి గంగ ఒక్కతే గోడకు ఎర్రమట్టి పూస్తోంది. తడి గోడ ఎండకు నిగనిగలాడుతోంది.

"ఇంత ముచ్చటైన ఇళ్లుండగా చట్టమెందుకయ్యా?" అని నవ్వాడు చైర్మన్. దిగకుండానే జీపు వెనక్కి తిప్పించాడు.

ఫల్గుణ మాత్రం దూకినట్టు దిగి గంగ మీద విరుచుకుపడ్డాడు. "సుట్టాలొత్తన్నారని అలికేత్తన్నావా మామ్మా? వద్దని సెప్పేను కదా."

గంగ చేతులు ఆగలేదు.

"సుట్టాలకి కాదు అయ్యగారూ. రాత్రి వానకి ఎనక గోడ కూలి మా మనవరాలి మీద పడిపోనాది. ఊరంతా ఆ పిల్లని పాతడానికెల్లినారు. ఆళ్లు తిరిగొచ్చీసరికి సావైన ఇల్లు అలికీయాల కదా."