పడ్డచోటి నుంచే

"ఎవడ్రా కొట్టింది?"

కోతమిల్లు లోపలి నుంచి అరుపు. ఆ వెంటనే రంపం ఆగిపోయింది. గోడ బయట గోల్ఫ్ కర్ర పట్టుకుని నిలబడ్డ పళ్ళ డాక్టరు భార్య వైపు చూశాడు.

"నన్ను చూస్తారేం? కొట్టింది మీరు," అందామె, వీపు మీది కర్రల సంచీ సర్దుకుంటూ. "రోడ్డు వెంట కొట్టండి మహాప్రభో అన్నాను. వింటేగా!"

ఇద్దరూ గేటు దాటి లోపలికి వెళ్ళారు. ఆవరణంతా దుంగలు, రంపపు పొట్టు. ఒక పక్క మిల్లు, ఇంకో పక్క ఇల్లు. మిల్లు నడిపేది ఇద్దరన్నదమ్ములు, తలలు నెరిసినవాళ్ళు. తమ్ముడు మోచెయ్యి రుద్దుకుంటున్నాడు. తెల్లబంతి అన్న కాళ్ళ దగ్గర పొట్టులో సగం కూరుకుపోయి ఉంది.

"క్షమించాలి. గాలికి పక్కకి పోయింది. దెబ్బ గట్టిగా తగిలిందా?" అన్నాడు డాక్టరు.

"దెబ్బ సంగతి సరే, చెయ్యి రంపం దగ్గరుంది. కొంచెంలో వేళ్ళు పోయేవి," అన్నాడు తమ్ముడు. "అయినా ఇక్కడ గోల్ఫ్ ఏంటయ్యా? మైదానమేది?"

"మైదానం లేదండీ. సముద్రం ఒడ్డున మొదటి దెబ్బ కొట్టాం. బంతి పడ్డచోటికి నడవడం, అక్కణ్ణుంచి మళ్ళీ కొట్టడం. నెలన్నరగా ఇదే పని. ఆ కొండ కింద ఊరిదాకా వెళ్ళాలి."

"నడుచుకుంటూ?"

"నడుచుకుంటూనే."

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"ఇంట్లోవాళ్ళు వెతకడం లేదా?" అడిగాడు అన్న.

"ఇంట్లోదాన్ని నేనే. తప్పిపోకుండా వెంట తిరుగుతున్నాను," అంది డాక్టరు భార్య.

అన్నకి నవ్వొచ్చింది. వంగి బంతి తీసి, పొట్టు ఊది, ఇవ్వబోతూ అడిగాడు. "ఆ ఊళ్ళో మీకెవరున్నారు?"

"ఇప్పుడెవరూ లేరు. మా తాతది ఆ ఊరు. మేం పుట్టిందీ పెరిగిందీ సముద్రానికి అవతల. ఆయన తిరిగిన నేల మీద ఒకసారి నా కాళ్ళతో నడవాలనిపించింది. ఎప్పుడూ ఈల వేస్తుండేవాడని ఈలాయన అనేవాళ్ళట ఆయన్ని."

చాచిన చెయ్యి ఆగిపోయింది. బంతి మీద గుప్పిట బిగుసుకుంది.

"గేటు వెయ్యి," అన్నాడు అన్న.

తమ్ముడు గేటు మూసి ఇనపకడ్డీ అడ్డం పెట్టాడు. డాక్టరు భార్య మొగుడి చొక్కా పట్టుకుంది.

"మీ నాయనమ్మ ఎవరో తెలుసా నీకు?" అడిగాడు అన్న.

ఇందాకటి మీరు కాస్తా నువ్వయింది. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "తనకెవరూ లేరనే చెప్పేది."

"ఎవరూ లేరా! మా అమ్మకి తోడబుట్టిన అక్క. మా నాన్నని చేసుకోవాల్సిన మనిషి. పెళ్ళిరోజు పొద్దున మీ ఈలాయనతో లేచిపోయింది."

డాక్టరు భార్యకి అడ్డంగా జరిగాడు.

"వచ్చినవాళ్ళ ముందు పరువు పోతుందని, అక్క బట్టలు మా అమ్మకి తొడిగి నిలబెట్టారు," అన్నాడు తమ్ముడు. "ఇంకా చదువుకోవాల్సిన పిల్ల. నీకిష్టమేనా అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. మీ వాళ్ళు చేసినదానికి మా అమ్మ బతుకంతా ఈ పొట్టులో పోయింది."

"ఈయన పుట్టకముందు సంగతికి ఈయన్ని కొడతారా?" అంది డాక్టరు భార్య. గట్టిగా అందామనుకుంది గానీ సగం గొంతే పలికింది.

అన్న ముందుకొచ్చాడు. డాక్టరు చేతిలోంచి గోల్ఫ్ కర్ర లాక్కున్నాడు. రెండు చేతులా పైకెత్తాడు. డాక్టరు కదల్లేదు. కదిలితే ఆ దెబ్బ వెనకున్న భార్యకి తగులుతుంది.

"ఏమిట్రా ఆ గోల?"

ఇంటి గుమ్మంలో ముసలావిడ. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగి వస్తోంది. కర్ర గాల్లోనే ఆగింది.

"నువ్వు లోపలికెళ్ళమ్మా."

"ఎవరతను?"

అన్నదమ్ములిద్దరూ తలలు దించుకున్నారు. చివరికి తమ్ముడే గొణిగాడు. "మీ అక్క మనవడు."

ముసలావిడ పొట్టులో కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. డాక్టరు గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పింది. చాలాసేపు చూసింది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె కొడుతుందో, ఉమ్ముతుందో డాక్టరుకి అర్థం కాలేదు.

"అక్క ఎలా ఉంది?"

"పోయిందండీ. మూడేళ్ళయింది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఆయనతో సుఖపడిందా? నిజం చెప్పు."

"తాత ఎక్కడున్నాడో ఈలను బట్టే కనిపెట్టేది. అది వినపడితే చాలు, చేస్తున్న పని ఆపి నవ్వేది. చివరిదాకా అంతే."

"నవ్వేదా?"

"రోజూ."

ముసలావిడ పెద్దగా ఊపిరి వదిలింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

అన్న ఇక పట్టలేకపోయాడు. "ఆమె కోసం ఏడుస్తావేంటమ్మా? నీ గొంతు కోసి పోయిన మనిషి! ఆ రోజు నీకిష్టమో కాదో ఒక్కరన్నా అడిగారా నిన్ను?"

"అడగలేదు. అడిగుంటే దొరికిపోయేదాన్నిరా!" అంది ముసలావిడ, కొడుకు చేతిలోంచి కర్ర తీసి డాక్టరుకిస్తూ. "మీ నాన్న నాక్కావాలని, అక్కకి పెరటి తలుపు తీసి పంపించింది నేనే."