రెబెక్కమ్మకు రాని ఈత

"అమ్మా, ఒక్కదాన్నే దిగాలంటే బయంగా ఉందమ్మా. కాస్త చెయ్యి పట్టుకోరా?"

ఉప్పుకాలవ గట్టున చేపల గంపలు కడుక్కుంటున్న ఆడవాళ్లంతా తలెత్తి చూశారు.

మోకాలిలోతు నీళ్లలో నిలబడి వణికిపోతోంది రెబెక్కమ్మ. ఆయాసానికి సముద్రపు గాలి మంచిదని ఎవరో చెబితే, పాళెంలో గది అద్దెకు తీసుకుని ముందురోజే దిగిన మనిషి. తల ముగ్గుబుట్టలా ఉంది.

"ఏంది పెద్దమ్మా ఈ పని?" అంది చెంచమ్మ.

"ఈత నేర్చుకుందామని తల్లీ."

చెంచమ్మ నవ్విన నవ్వుకు చేతిలోని గంప జారి కాలవలో కొట్టుకుపోయింది.

"ఈ వయసులోనా? ఏ పోటీకి పోతావు?"

"మా ఇంట్లో మగపిల్లోళ్లందరికీ వచ్చు. మా పాపకే నేర్పీలేదు." ఆ మాట అక్కడితో ఆపేసింది రెబెక్కమ్మ.

చెంచమ్మ నవ్వూ అక్కడే ఆగింది. కిందటి పెద్ద తుపానుకు ఈ కాలవలోనే పడవ తిరగబడింది. మగవాళ్లు ఈది గట్టెక్కారు. ఆడవాళ్లను, ముసలివాళ్లను మర్నాడు వెతికారు. దొరికిన వాళ్లలో చెంచమ్మ అక్క ఉంది.

పాళెంలో మగపిల్లాడికి నడకతో పాటే ఈత వస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే నీళ్లలో దిగకూడదు. కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కాబట్టి తీసెయ్యడానికీ ఎవరూ లేరు.

అయితే మునిగిపోయే ముసలామెను పట్టుకోకూడదని కట్టుబాటులో ఎక్కడా లేదు.

చెంచమ్మ దిగింది.

రెబెక్కమ్మను నీళ్ల మీద పడుకోబెట్టడం మాటలు కాదు. నడుం పట్టుకుంటే తల మునిగేది. తల పట్టుకుంటే కాళ్లు మునిగేవి. రెండూ పట్టుకుంటే "ప్రభువా, వచ్చేస్తన్నా!" అని కేక పెట్టేది. ఒకరు చాలక ఇద్దరు, ఇద్దరూ చాలక నలుగురు. రోజూ చేపలమ్ముకొచ్చాక, మగవాళ్లు కునుకు తీసే వేళకు అందరికీ ఇదే పని.

"కాళ్లెట్ట కొట్టాలో నువ్వు కొట్టి చూపీ తల్లీ. చూసి నేర్చుకుంటా."

చెంచమ్మ కొట్టి చూపించింది.

"మొగం ముంచితే ఊపిరాడదు గదా?"

"ఏం కాదవ్వా, ఇట్ట!" చెంచమ్మ కూతురు ఉష ముంచి చూపించింది.

"నాకు కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటన్నాయి. మీకూ అంతేనా?"

మర్నాటి నుంచి అందరూ చీరలు గోచీ పెట్టి కట్టారు.

అలా చూపిస్తూ చూపిస్తూనే ఒకరోజు చెంచమ్మ నూనెలో పూరీలా పైకి తేలింది.

"అమ్మో, నువ్వు తేల్తన్నావే!" అంది రెబెక్కమ్మ, మునుగుతూ.

చెంచమ్మ అత్త పోలమ్మ కొన్నాళ్లు గట్టున కూర్చుని వెక్కిరించింది. తర్వాత ఖాళీ నూనె క్యాను కావిలించుకుని తనూ దిగింది. ఆ రెబెక్కమ్మకంటే నేనే నయమని కోడలికి చూపించొద్దూ!

పాళెం పెద్ద ఆదెయ్య ఒకనాడు కునుకు చెడి వచ్చాడు.

"ఏందమ్మే ఈ ఆటలు?"

"ఆటలా మామా? పెద్దామె మునిగిపోతాంది. నువ్వొచ్చి పట్టుకుంటావా?" అంది చెంచమ్మ.

రెబెక్కమ్మ సరిగ్గా అప్పుడే గుటకలు వేస్తూ మునిగింది. ఆదెయ్య తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

వానలకు ముందు రెబెక్కమ్మ సంచి సర్దుకుంది.

"నాకు ఈత రాసిపెట్టలేదులే తల్లీ."

ఆడవాళ్లందరికీ జాలేసింది. ఎండుచేపలు పొట్లం కట్టిచ్చి బస్సెక్కించారు.

కార్తీకంలో తుపాను వచ్చింది. ఊరు ఖాళీ చెయ్యమన్నారు. వలలు, ఇంజన్లు భద్రం చెయ్యాలని మగవాళ్లు ముందు కాలవ దాటారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు, మేకలు, టీవీలు ఆఖరి పడవలో. కాలవ నడిమధ్య మేకలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే పక్కకు జరిగాయి.

పడవ బోర్లాపడింది.

అవతలి గట్టు నుంచి చెంచమ్మ మొగుడు మాలకొండయ్య దూకాడు. బురదనీళ్లలో మునిగి, తేలి, మళ్లీ మునిగి, "చెంచమ్మో!" అని ఏడుస్తూ వెతికాడు.

"యాడ ఎతకతన్నావయ్యా? ఈడుండా!"

గట్టు మీద గోచీ బిగించి, చంకలో మేకపిల్లతో నిలబడి ఉంది చెంచమ్మ. పక్కన ఉష, దాని వీపు మీద పక్కింటి పసిది. ఒకరి చెయ్యి ఒకరు అందుకుంటూ ఆడవాళ్లంతా గట్టెక్కుతున్నారు. అందరికంటే వెనక క్యాను కావిలించుకుని పోలమ్మ, క్యానుకు వేలాడుతూ మనవళ్లు.

మునిగినవి టీవీలే.

"నీకు ఈత ఎవురు నేర్పినారు మే?" అన్నాడు మాలకొండయ్య, ఏడవాలో నవ్వాలో తెలియక.

చెంచమ్మ ఎంత ఆలోచించినా ఎవరూ గుర్తుకు రాలేదు.

"ఎవురూ నేర్పలా. మేమే ఒకామెకు నేర్పబోయినాం. పాపం, ఆమెకే రాలా. ఈ పడవలో ఉండుంటే పొయ్యుండేది."

ఆమెకు ఈ సంగతి చెప్పందే చెంచమ్మకు అన్నం సహించలేదు. ఆయాసం ముసలామె ఒకతె దక్షిణాన ఇంకో పాళెంలో దిగిందని చేపల మార్కెట్లో వినగానే, మంచి రొయ్యలు ఏరి గంపలో పెట్టుకుని బస్సెక్కింది.

అక్కడి కాలవ గట్టున ఇంకా ఎవరూ లేరు. నీళ్ల నడుమ మాత్రం ఎవరో నులకమంచం మీద పడుకున్నట్టు వెల్లకిలా తేలుతూ, కళ్లు మూసుకుని యేసు పాట పాడుకుంటున్నారు. పాట అయ్యాక ఆ మనిషి బోర్లా తిరిగి, చేపపిల్లలా నాలుగు బారల్లో ఒడ్డుకు వచ్చింది. ముగ్గుబుట్ట తల. ఆయాసం జాడే లేదు.

"పెద్దమ్మా!" అందామని చెంచమ్మ నోరు తెరిచింది.

బాట మీద ఆడవాళ్ల మాటలు వినిపించాయి, ఖాళీ గంపలతో వస్తున్నారు.

రెబెక్కమ్మ చెంచమ్మ వంక చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది. మోకాలిలోతుకు జరిగి, చలిజ్వరం వచ్చినదానిలా వణకడం మొదలుపెట్టి, వస్తున్న వాళ్లతో దీనంగా అంది: "అమ్మా, ఒక్కదాన్నే దిగాలంటే బయంగా ఉందమ్మా. కాస్త చెయ్యి పట్టుకోరా?"