కాలి కొలత

"చాలు, ఇంక చదవొద్దు!" అంటూ ఐజాక్ కూతురు సువార్త చేతిలోని కాగితం లాక్కున్నాడు.

పామిడి చర్చిలో అతని తండ్రి దావీదు జ్ఞాపకార్థ కూడిక మొదలు కాబోతోంది. తాత గురించి చెప్పడానికి సువార్త రెండు పేజీలు రాసుకుంది. కొడుకుగా మాట్లాడాల్సిన ఐజాక్‌కు మాత్రం ఒక్క మాటా దొరకలేదు.

"నిన్ను భుజాల మీద మోసినాడు, పాటలు నేర్పినాడు. నాకేం చేసినాడు? బోర్లేసే లారీ ఎక్కితే నెలల తరబడి కనపడేవాడు కాదు. వచ్చినా నేను లేచేసరికి మళ్లీ పోయిండేవాడు. మా నాయన కంటే మీ తాతే మంచోడు."

సువార్త అతని వైపు తిరిగింది.

"చిన్నప్పుడు నీకు చెప్పులు ఎవరు తెచ్చేది నాయనా?"

"మాయమ్మ."

"కాదు. నువ్వు నిద్రపోతాంటే తాత దారంతో నీ పాదం కొల్చుకోని, ఆ దారం జేబులో పెట్టుకోని పోయేవాడంట. పనికి పోయిన ఊర్లో ఆ కొలతకు కొని పంపేవాడంట."

ఐజాక్ చేతిలోని కాగితాన్ని కిందికి దించాడు.

"ఇది కూడా నీకే చెప్పినాడా? నాకు చెప్పింటే ఏం పోయేది?"

"నీతో మాట్లాడాలంటే సిగ్గయితాదనేవాడు."

పాస్టరుగారు మైకులో కుటుంబాన్ని పిలిచారు. లేవబోయిన సువార్తను ఐజాక్ చెయ్యి పట్టి ఆపాడు.

"ఆ దారం సంగతి నీ కాగితంలో ఉండాదా?"

"లేదు."

"అయితే నువ్వు చెప్పొద్దు పాపా. అది నాది."

కాగితం ఆమె ఒళ్లో పెట్టి, ఐజాక్ మైకు దగ్గరికి నడిచాడు.